అగ్గిపుల్ల సాక్ష్యం

ఈ కథలో ఎవరి వేలూ తెగలేదు, ఎవరి ఇల్లూ కాలలేదు. అయినా అంతకన్నా పెద్ద ప్రమాదమే జరిగింది. ఒక ఇనుప యంత్రం, ఒక అగ్గిపుల్ల, నా తెలివి, ఈ మూడూ ఒకే రేకుల షెడ్డులోకి చేరాయి. మొదటి రెండింటి వల్ల లోకానికి ఏ నష్టమూ లేదని ముందే చెప్పేస్తున్నాను.

ఇన్నేళ్ల తర్వాత ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఇల్లందులో మా వాడకట్టు జనం ఈ రోజుకీ మా యోహాను బావను ‘కదుపుడు బావ’ అంటారు. చేతికి పానా ఇస్తే చాలు, బాగున్నదాన్ని కూడా కదిపి పాడుచేస్తాడని ఆ పేరుకు అర్థం. ఎవరి సైకిలు బ్రేకు వదులైనా, ఎవరి బోరింగు నీళ్లు పోయనన్నా, “కదుపుడు బావ గిటు వచ్చిండా ఏంది?” అని నవ్వుకుంటారు. ఆ పేరు పెట్టింది నేను. టీ కొట్టు దగ్గర, కొత్తగూడెం బస్సులో, చర్చి అరుగు మీద నిలబడి దాన్ని ఊరంతా పంచిందీ నేనే. ఆ పేరు తప్పు. తప్పంతా నాది. ఇక వినండి.

యోహాను బావ నా భార్య సుగుణకు పెద్దన్న. నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో ఫిట్టరు. పొడుగు మనిషి, మాట తక్కువ. ఇనుప ముక్కను గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, “దీంట్ల పగులున్నది” అనేవాడు. కోసి చూస్తే ఉండేది. నేనేమో ఇల్లందు బస్టాండు వెనక ఒక లేతు షాపులో టర్నర్‌ని. 2003లో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియనిది ఉండదు. తెలియదని తెలిసేది నలభై దాటాకనే.

లేతు మీద గుండ్రంగా ఉండేవన్నీ చేయొచ్చు. కానీ మోటారు షాఫ్టుకు గాడి కొట్టాలన్నా, ఇనుప దిమ్మెను చదును చేయాలన్నా మిల్లింగ్ మిషన్ కావాలి. అది సొంతంగా ఇంట్లోనే ఉండాలని నాకు పిచ్చి పట్టింది. హైదరాబాదు పాత ఇనుము బజారులో బల్ల మీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మిషన్ ఒకటి దొరికింది. చిన్నదంటే మరీ చిన్నది కాదు. ఇద్దరు మోయలేరు, ఆరుగురు మోస్తే ఊరు నవ్వుతుంది, అట్లాంటి బరువు.

లారీ దిగిన రోజు నలుగురం వెదురుబొంగుకు తాళ్లు కట్టి, పల్లకీ మోసినట్టు ఇంటి వెనక్కి మోశాం. పక్కింటి బుచ్చన్న, గనిలో పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి, గోడ మీదుగా తల పెట్టి చూశాడు.

“ఏంది దానియేలూ ఇది? కుట్టుమిషన్‌కు మీసాలు మొలిచినట్టున్నది?”

“మిల్లింగ్ మిషన్ పెద్దయ్యా. ఇనుమును వెన్న లెక్క కోస్తది.”

“ముందుగాల నీ నడుం ఇరగకుంట చూసుకో. దానికి వెన్న రాసినా అతకది.”

సుగుణ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ షెడ్డు అప్పటిదాకా ఆమె కట్టెలది.

“మరి నా కట్టెలు ఏడ పెట్టాలె?”

“వానకు తడవకుంట ఏడనన్న పెట్టు.”

“నీ మంచం కింద పెడ్త,” అంది. అన్నట్టే పెట్టింది కూడా. ఆ నెలంతా నేను పొయ్యి మీది పాత్రలాగా కట్టెల మీద పడుకున్నాను.

మిషన్ వచ్చిన మూడో రోజు యోహాను బావ గుడ్డసంచితో బస్సు దిగాడు. ఆయన సంచిలో రెండు లుంగీలు, ఒక బైబిలు, దుప్పటిలో చుట్టిన, మట్టం చూసే స్పిరిట్ లెవెల్ ఉన్నాయి. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సెలవుల్లో నెల రోజులు నా మిషన్ కోసం పెట్టేశాడు.

“నెల ఎందుకు బావా? రెండు రోజుల పని గదా,” అన్నాను నేను, సర్వజ్ఞుణ్ణి.

బావ సంచి గోడకు ఆనించాడు. మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కిరోసిన్ గుడ్డతో పాత గ్రీజు తుడిచాడు. టేబుల్ మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అట్లాగే ఉన్నాడు, జ్వరం చూసినట్టు.

“మంచి ఇనుము,” అన్నాడు. “నేను రిటైరైనంక ఈడికే వస్త దానియేలూ. పొద్దుగాల నువ్వు తిప్పు, మాపటీలి నేను తిప్పుత. నట్టనడుమ ఇద్దరం చాయ్ తాగుదం.”

మాట తక్కువ మనిషి ఒక్కసారిగా అన్ని మాటలు అనడం అదే మొదటిసారి. “అట్లనే బావా” అన్నాను. లోపల మాత్రం పండగ. నాకు అన్న లేడు, తండ్రి చిన్నప్పుడే పోయాడు. పని నేర్పిన మేస్త్రీ చెయ్యెత్తి కొట్టడం తప్ప చెయ్యి పట్టి చూపింది లేదు. పక్కన నిలబడి పని చేద్దామన్న మొదటి మనిషి ఈయనే.

ఆ సాయంత్రమే బావ నాకు తన పద్ధతి చెప్పాడు. మిషన్ నాలుగు మూలల కింద పల్చటి తగరపు రేకు ముక్కలు పెట్టాలి. ఒక మూల ఎత్తుగా ఉంటే ఒక రేకు తీయాలి, పల్లంగా ఉంటే ఒక రేకు కలపాలి. లెవెల్ గాజుగొట్టంలోని బుడగ సరిగ్గా నడిమధ్య నిలవాలి. మిషన్‌ను బల్లకు పట్టే నట్లు మాత్రం అప్పుడే బిగించకూడదు.

“మరెప్పుడు బిగించాలె?”

“బుడగ వారం దినాలు కదలకుంట నిలవడాలె. అప్పుడు. ఇనుము కొత్త కోడలి లెక్క. ఇంట్ల కుదురుకున్నదాక దాని మీద పెత్తనం చెయ్యొద్దు.”

పాల్వంచలో పెద్ద పెద్ద పంపులను అట్లాగే కూర్చోబెట్టేవాళ్లట. నేను తలూపాను. మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చి మిషన్ ముందు నిలబడి బావ కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. “ప్రభువా, ఈ మిషన్‌ను స్థిరపరచుము” అని. నేనూ సుగుణా ఆమెన్ అన్నాం. దేవుడు వినే ఉంటాడు. కానీ మేము నట్లు వదులుగా పెట్టి స్థిరపరచమంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

సోమవారం పొద్దున బుడగ నడిమధ్య నిలబెట్టి నేను లేతు షాపుకు పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే, బుడగ ఎడమకు జరిగి ఉంది. గోరంత.

“బావా, ఇది కదిలింది.”

బావ వచ్చి చూశాడు. ఒక కన్ను మూసి, తువాలు కొసతో లెవెల్ తుడిచి, మళ్లీ చూశాడు. మొహం కొంచెం మాడింది. “అవ్,” అన్నాడు. రేకు ముక్కలు అందుకున్నాడు.

మళ్లీ సరిచేశాం. మంగళవారం సాయంత్రం మళ్లీ కదిలింది. ఈసారి కుడికి. బుధవారం ముందుకు. గురువారం వెనక్కి. ఎన్నికల ముందు నాయకుడైనా ఇన్ని దిక్కులు మారడు.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రాలు నా జీవితంలోకెల్లా మంచివి. అప్పుడు తెలియలేదంతే. షాపు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని షెడ్డులోకి పరుగెత్తేవాణ్ణి. బావ అప్పటికే స్టూలు వేసి, రేకు ముక్కలు సైజువారీగా పేర్చి పెట్టేవాడు. సుగుణ చాయ్ తెచ్చేది. నేను ఒక మూల ఎత్తితే ఆయన రేకు జరిపేవాడు. “ఇంక జర. చాలు. ఎక్కువైంది. అట్ల. ఆగు.” ఈ ఐదు మాటలతోనే గంట గడిచేది. పొద్దు వాలే వేళకు బుడగ నడిమికి వచ్చి నిలిస్తే ఇద్దరం ఒకరినొకరు చూసుకుని చిన్నపిల్లల్లాగా నవ్వుకునేవాళ్లం. మిషన్ మీద ఒక్క ఇనుప పొట్టూ రాలలేదు. అయినా కడుపు నిండేది.

అది అక్కడితో ఆగితే ఈ కథ లేదు. రెండు వారాలు గడిచాయి. వాడకట్టులో అడగడం మొదలుపెట్టారు.

“మిషన్ తిరుగుతున్నదా దానియేలూ?” బుచ్చన్న గోడ మీద నుంచి.

“మట్టం కుదరాలె పెద్దయ్యా.”

“నేను ముప్పై ఏండ్లు గనిల మట్టం లేని నేల మీదనే నడిసిన. నాకేమన్న అయిందా?”

సుగుణ ఇంకో పోటు పొడిచింది. “మిషన్ తెచ్చినవా, దేవుణ్ణి తెచ్చినవా? రోజూ తుడుసుడు, మొక్కుడు, బయటికొచ్చి తలుపేసుడు. నా కట్టెలన్న నయం, అన్నం వండుతయి.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మట్టం కుదరని నాకు బావ ఓడు అనిపించడం మొదలైంది. మీరే ఆలోచించండి. పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి చెడుతుంది. మధ్యలో ఇంట్లో ఎవరున్నారు? నేను లేనప్పుడు సుగుణ ఆ షెడ్డు గుమ్మం తొక్కదు, కట్టెల పగ. ఇక మిగిలింది బావ. పైగా ఆదివారాలు బుడగ అసలు కదలడం లేదు! ఎందుకు? ఆదివారం నేను ఇంట్లో ఉంటాను గనక. ఇంటాయన ఇంట్లో ఉండగా ఏ దొంగ చెయ్యి పెడతాడు? ఈ తర్కం తట్టిన రోజు నా తెలివికి నాకే భయమేసింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర అగ్గిపెట్టె లేకపోయి ఉంటుంది. నా దగ్గర ఉంది. మరునాడు పొద్దున ఎవరూ చూడకుండా ఒక అగ్గిపుల్లను సగానికి విరిచి, చదునైన కొసను కిందికి పెట్టి, వెనక మూల నట్టు నెత్తిన నిటారుగా నిలబెట్టాను. నిలబెట్టడానికి అరగంట పట్టింది, షాపుకు ఆలస్యమైంది, యజమాని తిట్టాడు. ఎవరైనా నట్టు ముట్టుకుంటే పుల్ల పడుతుంది. చాలదన్నట్టు, సుగుణ మొహానికి రాసుకునే పౌడరు తెచ్చి మిగతా మూడు నట్ల మీద చల్లాను. ముట్టుకుంటే పౌడరు చెదురుతుంది.

సాయంత్రం వచ్చి చూశాను. అగ్గిపుల్ల కింద పడి ఉంది. పౌడరు రాలి బల్ల మీద పడి ఉంది.

బావ వసారాలో మంచం మీద కూర్చుని బైబిలు చదువుకుంటున్నాడు. “ఇయాల షెడ్డులకు పోయినవా బావా?” అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

“పొద్దుగాల ఒకసారి పోయి చూసొచ్చిన. తిన్నంక పండుకున్న.”

పోయాడట! చూశాడట! నాకు ఇంకేం కావాలి? వరుసగా ఆరు రోజులు అగ్గిపుల్ల నిలబెట్టాను. ఆరు రోజులూ పడింది. కోర్టులో కూడా ఆరుగురు సాక్షులు ఒకే మాట చెప్పరు. నా పుల్లలు చెప్పాయి.

ఆ ఆదివారం చర్చి తర్వాత ఇంట్లో కోడికూర. బుచ్చన్నను కూడా పిలిచాం. మేం ముగ్గురం చాప మీద కూర్చున్నాం, సుగుణ వడ్డిస్తోంది. బుచ్చన్న ముద్ద పెట్టుకుంటూ మామూలుగానే అడిగాడు, “ఎప్పుడు తిరుగుతది నీ మీసాల కుట్టుమిషన్?”

నాకు ఎక్కడిదో రోషం వచ్చింది.

“నన్నెందుకు అడుగుతవు పెద్దయ్యా? నేను సరిచేస్త, బావ కదుపుతడు. పొద్దుగాల సరి, మాపటికి కదుపుడు. ఈయన ‘కదుపుడు బావ’ అయి కూసున్నడు!”

బుచ్చన్న పడీపడీ నవ్వాడు. నాకు ఆ నవ్వు ఊతమిచ్చింది. ఇంకా అన్నాను. “పాల్వంచల పెద్ద పెద్ద పంపులు కూసోవెట్టిండట! నా చిన్న మిషన్ కూసోవెట్టరాలే. ఆరు అగ్గిపుల్లలు సాక్ష్యం ఉన్నయి నా దగ్గర. అడుగు, కదిపిండో లేదో అడుగు!”

సుగుణ చేతిలోని గరిటె ఆగిపోయింది. “ఏమయ్యా, మతి ఉన్నదా నీకు?”

నేను బావ వైపు చూశాను. లేదంటాడనుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన నోట్లో ముద్ద నెమ్మదిగా మింగాడు. విస్తట్లో కోడికాలు అట్లాగే ఉంది. లేచి చెయ్యి కడుక్కున్నాడు. లోపలికి వెళ్లి లుంగీలు, బైబిలు, దుప్పటిలో చుట్టిన లెవెల్ సంచిలో పెట్టుకున్నాడు.

“అన్నా, ఏడికి?” అంది సుగుణ.

“డ్యూటీకి రమ్మని కబురొచ్చిందమ్మా.”

మాకు అప్పటికి ఇంట్లో ఫోను లేదు. ఆదివారం పోస్టు రాదు. ఆ కబురు ఎట్లా వచ్చిందో అందరికీ తెలిసింది. ఆయన సెలవు ఇంకా పది రోజులుంది. బావ నా వైపు ఒక్కసారి చూసి, “నట్లు జాగ్రత్త,” అని బస్టాండు వైపు నడిచాడు.

“చూసినవా, లేదనలే! అంటే కదిపినట్టే గదా,” అన్నాను బుచ్చన్నతో. గెలిచినవాడి గొంతుతోనే అన్నాను. విస్తరి మాత్రం అట్లాగే వదిలి లేచాను.

అంతటితో ఊరుకున్నానా? పిచ్చోడి చేతికి రాయి దొరికితే తల ఒకటే పగులుతుంది. నా నోటికి దొరికింది కథ. రెండు వారాల్లో ఊళ్లో దాన్ని విననివాడు లేడు.

మీరు ఇప్పటికి అడుగుతూ ఉండాలి, మరి కదిపింది ఎవరని. బావ వెళ్లాక కూడా బుడగ కదులుతూనే ఉందా అని. ఏమో. బావ పోయాక నేను షెడ్డు తలుపు తీయలేదు. చెయ్యి రాలేదు.

పదిహేను రోజుల తర్వాత నాకు జ్వరమొచ్చి ఇంట్లో పడ్డాను. మా చర్చికి మధిర వైపు నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు గారు పరామర్శకు వచ్చారు. మధ్యాహ్నం వేళ. సుగుణ ముగ్గురికీ చాయ్ పోసింది. పాస్టరు గారు ఏదో వాక్యం చెబుతున్నారు. ఉన్నట్టుండి ఆయన కుర్చీలోంచి గాల్లోకి లేచారు.

“అయ్యబాబోయ్! ఏంటండీ అది?”

“ఏంది పాస్టర్ గారూ?” అన్నాను.

“ఆ చప్పుడండీ! ఇల్లు ఊగింది కదండీ!”

“ఏం చప్పుడు?” అంది సుగుణ నిజంగానే.

“నా చాయ్ నిండా మట్టి పడిందండీ!” అని ఆయన గ్లాసు చూపించారు. పైకప్పు నుంచి దుమ్ము రాలి తేలుతోంది. అప్పుడు ఆయన మా ఇద్దరినీ వింతగా చూశారు. “మరి మీరిద్దరూ గ్లాసుల మీద అరచేతులు ఎప్పుడు పెట్టారండీ?”

చూసుకున్నాను. నా అరచెయ్యి నా గ్లాసు మీద ఉంది. సుగుణ అరచెయ్యి ఆమె గ్లాసు మీద ఉంది. ఎప్పుడు పెట్టామో మాకు తెలియదు.

మధ్యాహ్నం రెండు గంటలు. ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బండలు పేల్చే బ్లాస్టింగు. ముందు సైరను మోగుతుంది, తర్వాత నేల అదురుతుంది. నేను పుట్టినప్పటి నుంచి రోజూ అంతే. ఆదివారం మాత్రం ఉండదు.

నమ్మరు కదూ? మీ ఇంట్లో గోడ గడియారం కొట్టుకుంటూనే ఉంటుంది. ఇప్పుడు నేను చెప్పాను కాబట్టి వింటున్నారు. ఇందాక విన్నారా? మేమూ అంతే. మా చెవులు ఆ చప్పుడును ఎప్పుడో మానేశాయి. చేతులు మాత్రం మమ్మల్ని అడగకుండానే గ్లాసులు మూస్తాయి. లేతు షాపులో కూడా రెండింటికి నా చెయ్యి దానంతటదే ఆగుతుంది, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇక బావ సంగతి, పాల్వంచలో బ్లాస్టింగు లేదు, కాబట్టి ఆయన పద్ధతిలో దానికి లెక్క లేదు. అన్నం తినగానే పడుకునేవాడు. టర్బైన్ల రొదలో పనిచేసి వచ్చి, షిఫ్టుల మధ్య పట్టపగలు నిద్రపోయే మనిషి. ఆయనకు మా బ్లాస్టింగు జోలపాట.

జ్వరంతోనే షెడ్డులోకి పరుగెత్తాను. మరునాడు పుల్ల నిలబెట్టి, రెండింటికి ఎదురుగా కూర్చుని చూశాను. సైరను మోగింది. మొట్టమొదటిసారి విన్నాను. నేల ఒకసారి ఒళ్లు విరుచుకుంది. అగ్గిపుల్ల పడింది. వదులుగా ఉన్న నట్ల కింద రేకు ముక్కలు గోరంత జరిగాయి. కొండను తవ్వి బొగ్గు తీసే ఊళ్లో పుట్టి, నేను కొండంత మనిషిని తవ్వి పారేశాను.

అదే రోజు మట్టం చూసి నట్లు బిగించేశాను. అరగంట పని. ఆ మిషన్ ఈ రోజు వరకు కదలలేదు.

“ఇప్పుడే పాల్వంచ పో,” అంది సుగుణ. “పోయి అన్న కాళ్ల మీద పడు.”

పోయాను. బస్సులో దారంతా మాటలు పేర్చుకున్నాను. బావ ఉండే కాలనీ స్టాపు వచ్చింది. కిటికీలోంచి చూస్తే బావ అక్కడే ఉన్నాడు. టిఫిన్ క్యారియరు పట్టుకుని షిఫ్టు బస్సు కోసం నిలబడ్డాడు. పొడుగు మనిషి, ఎప్పటికన్నా కొంచెం వంగినట్టున్నాడు. కండక్టరు “కాలనీ, కాలనీ, దిగేటోళ్లు జల్దీ దిగాలె” అని అరిచాడు. నేను సీటులోంచి లేవలేదు. తల దించుకుని చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. బస్సు కదిలాక ముందు స్టాపులో దిగి, ఎదురు బస్సెక్కి ఇంటికొచ్చాను.

“ఏమన్నడు అన్న?” అంది సుగుణ.

“ఇంట్ల లేడు,” అన్నాను.

అట్లా ఆరేళ్లు. వినడానికి మూడు అక్షరాలే. పెళ్లిళ్లలో, దినాలలో కలిసేవాళ్లం. “బాగున్నవా బావా?” “బాగున్న. మిషన్ తిరుగుతున్నదా?” “తిరుగుతున్నది.” అంతే. నా మిషన్ మీద ఏన్కూరు రైతుల పంపు షాఫ్టులు గాడి పడేవి, అద్దంలా మెరిసేవి. గాడి పూర్తికాగానే ఊది, పొట్టు తుడిచి, చూపించడానికి పక్కకు తిరిగేవాణ్ణి. పక్కన ఖాళీ స్టూలు. సాయంత్రం ఆరింటికి ఎవరో “ఇంక జర, చాలు, ఆగు” అంటున్నట్టే ఉండేది. నిజం ఊరికి చెబుదామంటే నా పరువు అడ్డం. ఎవరైనా ‘కదుపుడు బావ’ అని నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వులే ఇప్పుడు ఎక్కువ గుచ్చుకుంటాయి.

2009లో బావకు షుగరు ముదిరి ఎడమ కంటికి ఆపరేషన్ అయిందని కబురొచ్చింది. ఖమ్మంలో కంటి దవాఖానా. ఈసారి సుగుణ నా వెంట వచ్చి గేటు దగ్గర నిలబడింది. దిగకుండా తప్పించుకోవడానికి నాకు దారి లేదు.

బావ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య మందుల చీటీ పట్టుకుని వెళ్లింది. ఎడమ కంటికి పెద్ద కట్టు. నేను మెల్లగా వెళ్లి ఎడమ వైపు కూర్చున్నాను.

“ఎవరది?”

“నేనే బావా, దానియేలుని.”

“గా పక్క కూసున్నవేంది? కనవడవు గదా.”

“అందుకే కూసున్న.”

ఇక ఆగలేక ఒక్క ఊపిరిలో అంతా కక్కేశాను. బ్లాస్టింగు, అగ్గిపుల్ల, పాస్టరు గారి చాయ్, కాలనీ స్టాపులో చెప్పు పట్టీ. “మిషన్‌ను నువ్వు కదపలే బావా. ఊరు కదిపింది.”

“ఎప్పుడు తెల్సింది?”

“నువ్వు పోయినంక పదిహేను దినాలకు.”

“గన్ని దినాల కిందనే తెల్సి ఇప్పుడా చెప్పుడు?”

“అవ్ బావా.”

బావ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకుని నా ప్రాణం పోయింది. చూస్తే నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా, కట్టు మీద అరచెయ్యి ఒత్తుకుని నవ్వుతున్నాడు.

“నవ్వొద్దన్నడు డాక్టరు,” అన్నాడు ఆయాసంతో. “దానియేలూ, నేను కదిపిన.”

“ఆఁ?”

“మొదటి సోమవారం. నువ్వు షాపుకు పోయినంక పోయి చూసిన. వెనక మూల నువ్వు పెట్టిన రేకు నాకు నచ్చలే. తీసి ఇంకోటి పెట్టిన. నీతో చెప్తే చిన్నబోతవని చెప్పలే. మాపటికి చూస్తే మట్టం పోయింది. నాతోనే పోయిందనుకున్న. ఇగ రోజూ మట్టం పోతాంటే, ఆనాడు చెయ్యి పెట్టిన దోషమే తిరుగుతున్నదనుకున్న.”

“మరి ఆ రోజు అన్నం కాడ ఒక్క మాటన్న మాట్లాడలేదేంది?”

“ఏం మాట్లాడాలె? కదిపినవా అంటివి. కదిపిన. కూడు ముందల కూసోని అబద్ధం ఆడమంటవా?” మళ్లీ నవ్వాడు. “మిషన్ ఖరాబు జేసిన మనిషిని, ఏం మొఖం పెట్టుకోని మీ ఇంటికి రావాలె అనుకున్న. గందుకే రాలే.”

ఆయన తప్పు తనదనుకుని రాలేదు. నేను తప్పు నాదని తెలిసి పోలేదు. మధ్యలో యాభై కిలోమీటర్ల రోడ్డు, గంటకో బస్సు. ఆ బస్సుల్లో మేమిద్దరం తప్ప ఊరంతా తిరిగింది.

ఆ తర్వాత బావ కొన్ని ఆదివారాలు వచ్చాడు. కానీ కన్ను తిరిగి సన్నపు గీతలు చదవలేదు. స్టూలు మీద కూర్చుని, తిరిగే మిషన్ టేబుల్ మీద అరచెయ్యి పెట్టి వినేవాడు. “బుడగ ఏడున్నది?” అనేవాడు. “నడుమనే బావా.” “నిజం చెప్పు.” “నడుమనే.” ఆరేళ్లకు రిటైరయ్యాడు, ఏన్కూరులో కూతురి ఇంటికి చేరాడు. చూపు సరిగా ఆనని మనిషి బస్సులెక్కి ఎట్లా వస్తాడు? పొద్దునా నేనే తిప్పుతున్నాను, మాపటీలా నేనే తిప్పుతున్నాను. నట్టనడుమ చాయ్ కూడా ఒక్కణ్ణే.

నిన్న ఇదంతా ఫోనులో బావకు చదివి వినిపించాను. ఊఁ కొడుతూ విన్నాడు. కోడికాలు దగ్గర మాత్రం, “గది బుచ్చన్న తిన్నడా?” అని అడిగాడు. తిన్నాడని చెప్పాను. చివరిదాకా చదివి, “ఏమన్న తప్పున్నదా బావా?” అన్నాను.

“ఒక్కటున్నది.”

“చెప్పు, దిద్దుత.”

“ఒక్కపారి కాదు దానియేలూ. మూడుసార్లు కదిపిన.”

కాబట్టి మా వాడకట్టు పెద్దల ఎదుట, పాస్టరు గారి ఎదుట, ఇల్లందు బ్లాస్టింగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అగ్గిపుల్ల మాట నమ్మి మనిషిని అనుమానించను. మనిషి మాట నమ్మి అగ్గిపుల్లను అవమానించను. ముందు నట్లు బిగిస్తాను, ఆ తర్వాతే నోరు విప్పుతాను. ఒకరి పేరు బాగుచేస్తానని కాగితం, కలం పట్టుకుని ఇంకెప్పుడూ కూర్చోను. ఆదివారం మాత్రం మొదటి బస్సుకే ఏన్కూరు పోతాను. స్టాపులో దిగుతాను. మిగతా రెండుసార్లు ఎందుకు కదిపాడో దగ్గర కూర్చుని, ఆయనకు కనిపించే వైపే కూర్చుని, అడిగి తెలుసుకుంటాను.